రెండు నోళ్ళ గుంత

ఇన్‌స్పెక్టర్ ఉమాదేవి గువ్వలకొట్టాల పొలాల దగ్గర జీపు దిగేసరికి మంగళవారం మధ్యాహ్నం ఒకటీ పది. తిమ్మప్ప చేనులో నేల నోరు తెరిచి అప్పటికి ముప్పైఒకటిన్నర గంటలైంది. యూనివర్సిటీ నుంచి వచ్చి, ఈ చుట్టుపక్కల నేల ఎక్కడెక్కడ ఎంత కుంగుతోందో కొలుస్తున్న హర్ష అనే భూగర్భ శాస్త్రవేత్త కనపడకుండా పోయి కూడా దాదాపు అంతే.

నిన్నంతా ఆమె అనంతపురం కోర్టులో ఒక పాత కేసుకు సాక్ష్యం చెబుతూ ఉండిపోయింది. ఆ ఒక్క రోజులో ఇక్కడ అంతా తేల్చేశారు. సోమవారం తెల్లవారుజామున అయిదూ నలభైకి గుంత పడింది. హర్ష బైకు గుంతలో దొరికింది. ఫోను పలకడం లేదు. కాబట్టి మనిషి అడుగునున్న నీళ్ళలో ఉన్నాడు. మూడు పేజీల రిపోర్టు, కింద సంతకం పోలీసులది కాదు.

"నేనే రాసిచ్చినా," అన్నాడు రాఘవేంద్ర, వేపచెట్టు నీడలోంచి లేచి వస్తూ. "మీవాళ్ళకు అంత తీరిక యాడిది ఉమా?"

రాఘవేంద్ర రిటైరైన డీఎస్పీ. పద్దెనిమిదేళ్ళ కిందట ఉమాదేవి ఎస్సైగా మొదటి స్టేషన్‌లో అడుగుపెట్టినప్పుడు పంచనామా రాయడం నేర్పింది ఆయనే. ఇప్పుడాయన, గువ్వలగుట్ట మీద మూతబడిన బంగారు గని తాలూకు మట్టి దిబ్బల్ని మళ్ళీ కడిగి మిగిలిన బంగారం తీసే కంపెనీలో సెక్యూరిటీ అధికారి. కంపెనీ యజమాని ఈశ్వరప్ప కుడిభుజమని ఊళ్ళో అందరూ అనుకుంటారు.

"రిపోర్టు తర్వాత చదువుతాను సార్. ముందు గుంత చూడాల."

"చూడు. సాయంత్రానికి ఉండదు. పిల్లలో, గొర్లో పడతాయని పూడ్చేస్తాండాము. దానికి రాయి కావాల గదా, గుట్ట వెనక క్వారీలో నాలుగు గంటలకు బ్లాస్టింగు పెట్టినాము."

ఉమాదేవి ముందుకు నడిచింది. వెంట హెడ్ కానిస్టేబుల్ రామాంజులు, చేతిలో తాడుచుట్టతో.

నలభై అడుగుల దూరంలో ఉండగానే ఆమె కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. నడుముకు తాడు కట్టించుకుని, రెండో కొస జీపు బంపరుకు బిగించమని చెప్పి, చివరి పది అడుగులూ బోర్లా పడుకుని పాకింది. అంచు మీదుగా తల వంచింది.



నలభై అడుగుల వెడల్పు. పెద్ద కొలిమిలో పోతపోసినంత గుండ్రంగా ఉంది. అంచు చుట్టూ వేరుశనగ మొక్కలు తలకిందులుగా వేలాడుతున్నాయి, వేళ్ళకు కాయలింకా పచ్చిగా ఉన్నాయి. రెండు నిలువుల ఎర్రమట్టి, దాని కింద సున్నపు గోడలా తెల్లటి పొర, ఇంకా కిందికి పోతే పుచ్చిన దంతంలా గుల్లబారిన రాయి. అరవై అడుగుల అడుగున బూడిదరంగు నీళ్ళు, అల లేకుండా. నిన్న తెల్లవారేదాకా ఇక్కడ మనుషులు నడిచారు, ఎద్దులు నడిచాయి. వాళ్ళ పాదాల కింద ఇంత శూన్యం ఎన్ని రోజులుగా పెరుగుతూ వచ్చిందో ఎవరికీ తెలియదు.

ఉమాదేవి నాయన బావులు తవ్వేవాడు. చిన్నప్పుడు ఆయన బొక్కెనలో కూర్చుని లోపలికి దిగుతుంటే బావి ఒడ్డున పడుకుని చూసేది. భూమి లోపల అంత లోతుందని తెలిసిన ఆ మొదటి రోజున ఒళ్ళు ఎలా జలదరించిందో ఇప్పుడూ అలాగే జలదరించింది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగమూ, యూనిఫామూ ఆ క్షణంలో దేనికీ పనికిరాలేదు.

చెంపకు చల్లటి గాలి తగిలింది. పైనుంచి కాదు, గుంతలోంచి. ఎదురు గోడలో పాతికడుగుల కింద నల్లటి రంధ్రమొకటుంది. దాని అంచున విరిగిన దూలం ముక్క పొడుచుకొచ్చి ఉంది. గని రోజుల నాటి సొరంగం. గుట్టవైపు పోతోంది. ఆమె అంచు మీది ఎండిన ఆకు పిడికెడు నలిపి వదిలింది. ఆకుపొడి రంధ్రం ఎత్తుకు దిగగానే ఎవరో ఊదినట్టు వెనక్కు ఎగిరింది.

వెనక్కు పాకి లేచి మోచేతుల మట్టి దులుపుకుంది. "బైకేది?"

వేపచెట్టు కింద టార్పాలిన్ కప్పి ఉంది. క్రేనుతో నిన్న పదిన్నరకు తీశారట. ముందు చక్రం సొట్టపోయింది, ట్యాంకు నలిగింది. ఉమాదేవి హ్యాండిల్ పట్టుకుని తిప్పబోయింది. కదల్లేదు. ఎడమవైపుకు పూర్తిగా తిరిగి బిగుసుకుపోయి ఉంది.

"పడినప్పుడు వంగిపోయుంటాది," అన్నాడు రాఘవేంద్ర.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి చూసింది. "వంగలేదు సార్. లాకు వేసుండాది. స్టాండు కూడా కిందికే ఉండాది. తాళం చెవి లేదు. బైకు తోలుకుంటా గుంతలో పడినోడు హ్యాండిల్ లాక్ ఎట్ల వేసుకుంటాడు?"

"తోలుకుంటా పడినాడని నేను రాయలేదే. ఈడ ఆపి, గుంత అంచున నిలబడి చూస్తాంటే పెళ్ళ విరిగింది."

"పది అడుగుల దూరం పోయి చూసేదానికి ఎవురైనా బండికి లాక్ వేస్తారా? యాడికో దూరం పోయేవాడే వేస్తాడు."

"అది నీ ఊహ."

"లాకు ఊహ కాదు సార్."

రాఘవేంద్ర నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు బాగా తెలుసు. పాత రోజుల్లో, ఆమె రాసిన పేపరు చించి మళ్ళీ రాయమనేముందు నవ్వే నవ్వు. "సాక్షి ఉండాడు. గొర్లోడు. గుంత పడింది అయిదూ నలభైకని వాడే చెప్పినాడు. అడుక్కో."

కుళ్లాయప్పకు అరవై దాటుంటాయి. భుజాన కంబళి, చేతిలో కర్ర. గొర్రెల్ని చాలా దూరంలో ఆపి, తను కూడా గుంతకు అంత దూరంలోనే నిలబడ్డాడు. ఉమాదేవి ఆయన దగ్గరకే నడిచింది.

"కుళ్లాయప్పా, గుంత పడింది అయిదూ నలభై అని ఎట్ల తెలిసె?"

"కళ్యాణదుర్గం మొదటి బస్సు రోడ్డు మీద హారన్ కొట్టె మేడమ్. దినామూ ఆ టయానికే. హారన్ వింటి, ఇట్ల తిరిగితి, ఆడ వేపచెట్టు పక్కన చేను లేదు. చప్పుడు కూడా ఎక్కువ రాలేదు. పెద్ద మనిషి కూచునేటప్పుడు అబ్బా అంటాడే, అట్ల ఒక్కసారి అనె."

"అంతకుముందు ఈడ ఏమన్నా చూస్తివా?"

ముసలాయన రాఘవేంద్రకేసి చూసి, మళ్ళీ ఆమెకేసి చూశాడు. "అది ఎవురూ అడగలేదు."

"నేను అడుగుతాండా."

"నాలుగూ ముక్కాలుకు గొర్లు తోలుకోనొస్తి. బండి ఆ చేనులో నిలబెట్టుండె. మనిషి లేడు. పిలిస్తి, పలకలేదు. గొర్లు ఆ తావుకొచ్చి నిలబడిపోయినాయి. కొడితే కూడా అడుగెయ్యలేదు. ఏందిరా అని చూస్తే నేలలో వేలంత పగులు. కూచోని బీడీ ముట్టిస్తి. పొగ పైకి పోవాల గదా? పోలేదు మేడమ్. పగులు లోపలికి గుంజుకునె. దప్పికైనోడు నీళ్ళు తాగినట్ట గుటుక్కున తాగె. నాకు భయమేసి గొర్లను తిప్పుకుంటి."

 తెల్లవారుజామున నేల పొగను పీల్చుకుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు గాలిని బయటికి ఊదుతోంది. ఒకప్పుడు పాడుబడిన బావి దగ్గర ఇదే వింత కనబడితే నాయన చెప్పాడు: "ఒంటి నోరున్న బావి గాలి పీల్చదు పాపా. చలిపొద్దున పీల్చి, ఎండలో వదిలిందంటే దానికి ఎత్తులో యాడో ఇంకో నోరు ఉండాదని లెక్క. లోపలి గాలి చలికి పైకెక్కుతాది, ఎండకు దిగుతాది."

ఆమె గువ్వలగుట్టకేసి తలెత్తింది. మైలు దూరం. గుట్ట మొగాన మట్టి దిబ్బలు, వాటి నడుమ, దిబ్బలు కడిగిన నీళ్ళు నిలిపే కంపెనీ బురద చెరువు, దాని కట్ట. ఆ కట్ట కింద అరవై ఒక్క ఇళ్ళ గువ్వలకొట్టాల.

"సార్, పాత సొరంగాలకు గుట్ట మీద దారి యాడుండాది?"

రాఘవేంద్ర ముఖంలో ఏమీ మారలేదు. జవాబు మాత్రం ఒక్క క్షణం ఆలస్యమైంది. "ఉండె, మూడో నంబరు సొరంగం. ఇరవై ఏళ్ళ కిందనే మూసేసినారు."

"ఎట్ల మూసినారు? గోడ కట్టినారా?"

"ఇనుప తలుపు."

"పదండి చూద్దాం."

"ఎవరి అనుమతితో? అది కంపెనీ లీజు భూమి. వారెంటు తీసుకోనిరా."

"మనిషి బతికుండొచ్చని నాకు అనుమానం వచ్చింది. దానికి వారెంటు అక్కరలేదని మీరే నేర్పినారు. మీరొస్తే తాళం తీస్తాము, రాకపోతే పగలగొడతాము. ఏది రాసుకోమంటారు?"

ఆయన జీపెక్కాడు. 

రెండూ ముప్పైఅయిదుకు సొరంగం నోటి దగ్గర దిగారు. కంపచెట్ల మధ్య ఆరడుగుల ఇనుప తలుపు, గాలాడడానికి పైన వరుసగా బొక్కలు. తలుపంతా తుప్పు. బందులకు మాత్రం కొత్త గ్రీజు. తాళం మీద కంపెనీ స్టిక్కరు కూడా పోలేదు. తలుపు కింది సందులోంచి ఆమె తొడంత లావు రబ్బరు పైపు లోపలికి దూరి ఉంది. రెండో కొస గుట్ట ఎక్కి బురద చెరువు వైపు పోతోంది. ఉమాదేవి పైపు మీద అరచెయ్యి పెట్టింది. తడి.

"ఇరవై ఏళ్ళ తాళమా సార్ ఇది?"

రాఘవేంద్ర పైపు దాటి పక్కకు జరిగాడు.

రామాంజులు తలుపు మీద లాఠీతో మూడుసార్లు కొట్టాడు. చప్పుడు లోపలికి దొర్లుకుంటూ పోయి ఎక్కడో ఆరిపోయింది. ముగ్గురూ చెవులు రిక్కించారు. చాలాసేపటి తర్వాత, రాయి మీద రాయి తగిలినట్టు, చిన్నగా, ఒక్కటే దెబ్బ.

"పగలగొట్టు!" అని ఉమాదేవి అరిచింది.

జీపు జాకీ రాడ్డుకు తాళం రెండు నిమిషాలు నిలిచింది. పదిగజాల లోపల, గోడవారన రాతిగట్టు మీద హర్ష పడి ఉన్నాడు. ఎడమ మోకాలు వాచి గుమ్మడికాయంతైంది. పెదాలు పగిలి నెత్తురు కట్టాయి. గట్టు కిందుగా బూడిదరంగు నీళ్ళు పారుతున్నాయి. దాహంతో నాలుక తిరగని మనిషి పక్కనే ముప్పైగంటలుగా నీళ్ళు.

"తాగలేదు," అన్నాడు హర్ష, ఆమె చూపు గమనించి. "దిబ్బలు కడిగిన నీళ్ళు. విషం."

బయటకు మోసుకొచ్చి సీసా మూతతో కొద్దికొద్దిగా నీళ్ళు పోశారు. రామాంజులు అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. కళ్యాణదుర్గం నుంచి రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. హర్ష మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు. వారం కిందటి తుఫాను వానలకు బురద చెరువు నిండిపోయింది. రాత్రుళ్ళు పైపుతో ఆ నీళ్ళు పాత సొరంగంలోకి వదులుతున్నారని అనుమానం వచ్చి, సోమవారం తెల్లవారకముందే బయల్దేరి బైకు చేనులో దాచి గుట్టకు నడిచాడు. తలుపు తెరిచే ఉంది. లోపలికి దూరాడు.

"నీళ్ళకు సొరంగం పైకప్పు నానిపోయింది మేడమ్. నా ముందరే కూలింది. గాలి వచ్చి విసిరికొట్టింది. పాక్కుంటా తలుపు దగ్గరికొస్తే..." అతను రాఘవేంద్రకేసి చూశాడు. "మూసేసి ఉండాది."

"సోమవారం పొద్దున ఏడింటికి తాళమేసినా," అన్నాడు రాఘవేంద్ర, ఎవరూ అడగకముందే. "తలుపు తెరిచుండాదని వేసినా. లోపల మనిషున్నాడని నాకెట్ల తెలుస్తాది?"

హర్ష ఉన్నట్టుండి ఉమాదేవి చెయ్యి పట్టుకున్నాడు. "ఈరోజు ఏం వారం? టయమెంత?"

"మంగళవారం. మూడవుతాది."

"మంగళవారం క్వారీలో పేలుస్తారు గదా? వద్దు. వద్దు మేడమ్. కట్ట..."

ఎక్కిళ్ళు వచ్చాయి. ఆమె ఇంకో మూతెడు నీళ్ళు పోసింది. అతను కట్టలో నాలుగుచోట్ల ఇనుప గొట్టాలు దింపి, దారానికి గుండు కట్టి, లోపల నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో నెలనెలా చూస్తున్నాడు. జూన్‌లో ముప్పైఆరు అడుగుల కింద ఉన్నాయి. శనివారం సాయంత్రం నాలుగడుగులు.

"ఆ కట్ట మట్టిది కాదు, అదే గని ఇసకతో పోసినారు. రేణువు రేణువును ఆనుకోని నిలబడుంటాది. మధ్యన నీళ్ళు నిండినాక గట్టిగా ఒక్క అదురు చాలు, ఆ ఆనిక పోతాది. ఇంక కట్ట ఉండదు మేడమ్. నీళ్ళే."

"అయిదేళ్ళుగా నిలబడిన కట్ట," అన్నాడు రాఘవేంద్ర. "లారీలు పోతాండాయి దాని మీద. ఈ పిల్లోడు జ్వరంలో ఏదో అంటాడని పని ఆపుతామా?"

"సార్, బ్లాస్టింగు ఆపమని చెప్పండి."

"ఈశ్వరప్ప చెప్పాల."

"చెయ్యండి ఫోను."

ఆయన చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. అంతే. మూడూ అయిదైంది.

ఉమాదేవి ఇంక ఆయనకేసి చూడలేదు. "రామాంజులూ, క్వారీకి జీపులో పో. కట్ట మీది దారిన పోవద్దు, గుట్ట చుట్టు తిరిగిపో. మందు పెట్టినోళ్ళను కేసు పెడతానని చెప్పు, కాళ్ళు పట్టుకో, ఏమన్నా చెయ్యి. నాలుగింటికి చప్పుడు వినపడకూడదు."

హర్షను తను ఒకవైపు, రాఘవేంద్ర ఒకవైపు పట్టి, ఊరికి ఎగువనున్న పెద్ద బండ మీదికి చేర్చారు. వేరుశనగ ఆరబోసుకునే నల్లరాతి బండ అది. హర్ష దాన్ని అరచేత్తో తట్టి, "ఇది చాలు. ఇది కదలదు. ఊరంతా ఈడికే," అన్నాడు. "బండ్లు వద్దు. నడిచే రావాల."

పరిగెత్తుకుంటూ ఊళ్ళోకి దిగింది ఉమాదేవి. పంట పీకే రోజులు కాబట్టి సగం మంది కట్టకు దూరంగా చేలల్లో ఉన్నారు. ఇళ్ళలో ముసలివాళ్ళు, బాలింతలు, బడికి పోని పసిపిల్లలు. ఆమె తలుపు తలుపూ కొట్టింది. పోలీసమ్మ అరుస్తుంటే కొందరు వెంటనే కదిలారు, కొందరు కారణం చెప్పమన్నారు. బయమ్మ అనే ముసలామె గుమ్మంలోంచి లేవనేలేదు.

"ఏమ్మా, ఆ కట్ట దినామూ చూస్తాండా. ఈపొద్దే పడతాదా?"

"పడకపోతే సాయంత్రం నన్ను తిట్టు అవ్వా. ఇప్పుడు లే."

"లోపల మా ఆయన మంచంలో ఉండాడు. మూడేండ్లాయె లేసి."

ఉమాదేవి లోపలికి పోయి మంచం ఒక కోడు పట్టుకుంది. ఇద్దరు పక్కింటివాళ్ళు వచ్చారు. నాలుగో కోడు ఎవరు పట్టుకున్నారా అని చూస్తే రాఘవేంద్ర. ఎప్పుడు దిగి వచ్చాడో. చొక్కా చెమటతో తడిసి ఒంటికంటుకుపోయింది. మంచం ఎత్తాడు. బండకు ఎక్కే చడావున రెండుసార్లు మోకాలు తొట్రుపడినా కోడు వదల్లేదు.

మూడూ యాభైఅయిదుకు బండ మీద నూటనలభై మంది. ఉమాదేవి ఇంటింటి పేరూ పిలిచింది. అందరూ పలికారు.

నాలుగైంది.  నాలుగూ అయిదు. గుట్ట వెనకనుంచి ఏ చప్పుడూ రాలేదు. రామాంజులు సాధించాడు. ఉమాదేవి బండ మీద కూర్చుంది.

"చూసినావా?" అన్నాడు రాఘవేంద్ర, కానీ గొంతులో గెలుపు లేదు. "ఏమీ కాలేదు."

నాలుగూ పదిహేడుకు కట్ట మీద టిప్పరు కనిపించింది. అంతకుముందే రాయి నింపుకుని బయలుదేరింది కాబోలు. క్వారీ ఆపిన సంగతి దానికి తెలియదు. కట్ట మధ్యలో గుంతల్లో పడి ఎగిరింది, వెనక తలుపు ఊడింది, పది టన్నుల రాయి ఒక్కసారిగా కట్ట మీద కూలింది.

చప్పుడు బండ దాకా వచ్చింది. 

మొదట కదిలింది కరెంటు స్తంభం. కట్ట దిగువన నిటారుగా ఉన్నది, ఎవరూ తాకకుండానే నిద్రొచ్చిన మనిషిలా పక్కకు వాలింది. కట్ట అడుగున అక్కడక్కడా ఇసుక బుడగలు లేచాయి. పొయ్యి మీద సంకటి కుతకుతలాడినట్టు. ఒకటి, పది, వంద. టిప్పరు డ్రైవరు దూకి కొండవైపుకు పరుగెత్తాడు. అతను దిగిన చోట చక్రాలు మునుగుతున్నాయి. ఎండలో తెల్లగా, గట్టిగా, లారీల్ని మోస్తూ నిలబడిన కట్ట, అలా చూస్తుండగానే ఆకారం వదిలేసింది.

విరగలేదు, బద్దలవ్వలేదు. కరిగింది. యాభై అడుగుల గోడ అంబలిలా జారి, తన వెనకున్న చెరువునంతా వెంట తీసుకుని వాలులో నడిచింది. దానికి తొందరా లేదు, కోపమూ లేదు. మొదటి వీధిని కప్పింది. బయమ్మ ఇంటి గోడల్ని చూరుదాకా నింపి, కప్పును పడవలా ఎత్తి పదిగజాలు మోసుకుపోయి దించింది. బండ అంచుకు వచ్చి నెమ్మదిగా రెండుగా చీలింది. పిల్లలు కూడా ఏడవలేదు. కేకలు విని ఊరివాళ్ళతో బండెక్కిన కుళ్లాయప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఉమాదేవి చేతులు ఎప్పుడు జోడించిందో ఆమెకే తెలియదు. భక్తి అనడానికి లేదు, భయమనడానికీ లేదు. తాను నలభై ఒక్క ఏళ్ళుగా నేల అని పిలుస్తున్నది ఏమిటో మొదటిసారి చూసినట్టనిపించింది.

ఆరు నిమిషాల్లో అంతా ఆగింది. బూడిదరంగు మైదానం మీద నీళ్ళు ఊరి, ఎండకు తళతళలాడుతున్నాయి.

"ఇప్పుడు దిగొద్దు," అని హర్ష అందరికీ వినపడేలా అన్నాడు. "పైన గట్టిగా కనపడతాది. అడుగేస్తే దిగబడతారు. నీళ్ళు ఇంకి, నేను చెప్పేదాకా ఎవురూ దిగొద్దు."

బయమ్మ తన ఇల్లుండిన చోటుకేసి చాలాసేపు చూసి, వచ్చి ఉమాదేవి పక్కన కూర్చుంది. తిట్టలేదు, పొగడలేదు. ఆమె మోచెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

రాఘవేంద్ర బండ చివర నిలబడి ఉన్నాడు. ఉమాదేవి లేచి ఆయన దగ్గరకు వెళ్ళింది. ఆయన తల తిప్పకుండానే మాట్లాడాడు.

"కొట్టినాడు ఉమా."

"ఎవరు సార్?"

"ఆ పిల్లోడు. తలుపు. తాళమేసి తిరిగి నాలుగడుగులు పోయినా, అప్పుడు కొట్టినాడు. నాకు వినపడినాది."  "ఈశ్వరప్పకు ఫోన్ చేస్తి. గుంత పూడ్చేదాకా తలుపు తీయొద్దు, గుట్ట మీద కాపలా కూడా తీసేయ్ అనె. సరే అంటి. ముప్పైనాలుగేళ్ళు పోలీసు పని చేసినోణ్ణి... సరే అంటి."

"ఇది స్టేషన్‌లో చెప్తారా?"

"రాసిస్తా. నువ్వు అడగక్కరలేదు."

అప్పుడే ఆయన చేతిలో ఫోను మోగింది. తెర మీద ఈశ్వరప్ప పేరు. రాఘవేంద్ర దాన్ని కాసేపు చూసి ఆమె చేతిలో పెట్టాడు. ఉమాదేవి స్పీకరు నొక్కింది. అవతలి గొంతు తీరిగ్గా, తిని లేచిన మనిషిలా పలికింది.

"ఏమప్పా రాఘవేంద్రా, మీటింగులో ఉంటిని. ఎందుకన్నిసార్లు చేసినావు? లోపలోడు ఇంకా కొడతాండాడా?"

బండ మీద నూటనలభై మంది ఆ మాట విన్నారు. ఉమాదేవి ఫోను నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

"లేదు ఈశ్వరప్పా. బయటికొచ్చి మంచినీళ్ళు తాగుతాండాడు."